యుద్ధం బల్ల మీద లేసు గుడ్డ

రండి, రండి, దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడ్డ అమ్మా, లోపలికైనా రా, బయటికైనా పో, గాలికి అడ్డం నిలబడకు. మాట్లాడేవాళ్ళు మాటలు ఆపండి, దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి. నాకెక్కువ టైము లేదు. సాయంత్రం గంట కొట్టేలోపు నాలుగు దారం ఉండలు చుట్టి ఇవ్వాలి. ఈ చేతులు చూడండి. పుస్తకాలు కుట్టే చేతులివి. దారం చుట్టీ చుట్టీ మణికట్టు దగ్గర పాత తలుపులాగా కిర్రుకిర్రుమంటున్నాయి. అయినా చెప్తాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, చెప్తే మీకు పట్టదు.

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నా నాలిక కోసి... వద్దులే, నాలిక జోలికెందుకు. అది నాకు రోజూ కావాలి.

నా పని బైండింగు. పాత పుస్తకాలు విప్పి, ఎండిన జిగురు గీకి, మళ్ళీ కుట్టి, అట్ట వేసి ఇస్తాను. చదువు మాత్రం రాదు. నవ్వకండి. చెప్పులు కుట్టేవాడు ఆ చెప్పులేసుకుని ఊళ్ళన్నీ తిరిగొస్తాడా ఏంటి? పేజీ మీద నంబరు కూడా నాకు చీమలాగే కనపడుతుంది. మరి విప్పిన పేజీలు వరసలో ఎలా పెడతావంటారా? అక్కడే ఉంది కిటుకు. పాత పుస్తకమంటే పురుగు ఉంటుంది. పురుగంత నిజాయితీపరుణ్ణి నేను చూళ్ళేదు. మొదటి పేజీలో దూరిందంటే అటూ ఇటూ చూడదు, చివరి పేజీ దాకా తిన్నగా తింటూ పోతుంది. కన్నం మీద కన్నం పెట్టి వెలుతురుకి పట్టుకుంటే చాలు, ఏ పేజీ తర్వాత ఏ పేజీయో అదే చెప్తుంది. ముప్ఫై ఏళ్ళు పురుగుని నమ్ముకుని బతికాను. ఒక్కసారే తప్పు పోయింది. ఆ ఒక్కసారికే ఒక యుద్ధం ఆగింది. ఆగింది అనకూడదేమో. వినండి, మీరే ఏదో ఒకటి అనుకోండి.

మా సభలో ఒక పాత రూలుంది. యుద్ధం కాగితాన్ని ఉత్త బల్ల మీద పెట్టి సంతకం చెయ్యకూడదు. బల్ల మీద కొత్తగా అల్లిన లేసు గుడ్డ పరవాలి. క్రోషా సూదితో, చేత్తో, ఒక్క మనిషి, సభలోనే కూర్చుని, అందరూ చూస్తుండగా అల్లాలి. పాత గుడ్డ పనికిరాదు, దాని మీద పాత యుద్ధం సిరా ఉంటుంది కాబట్టి. ఎందుకొచ్చిందీ రూలు అంటే, ఎప్పుడో ఒక పెద్దమనిషి అన్నం తింటూ తింటూ కోపమొచ్చి, ఎంగిలి చేత్తోనే సంతకం పెట్టేశాడట. చెయ్యి కడుక్కుని వచ్చి చూసుకుంటే సొంత అత్తగారి ఊరి మీద యుద్ధం! అప్పట్నుంచీ ఈ గుడ్డ. అల్లడానికి పన్నెండు రోజులు పడుతుంది, ఈలోపు కోపం చల్లారుతుందని పెట్టినవాళ్ళ ఆశ. ఏం చల్లారుతుంది? పన్నెండు రోజులూ టీలు తాగుతూ ఒకరి కోపాన్ని ఒకరు వెచ్చబెట్టుకుంటారు.

ఆ గుడ్డ అల్లేది మా అక్క. అంతకుముందు మా అమ్మ. అమ్మ అల్లిన గుడ్డ మీద సంతకం పడినప్పుడు మా నాన్న వెళ్ళాడు. అక్క అల్లిన మొదటి గుడ్డ మీద పడినప్పుడు బావ వెళ్ళాడు. బావ తిరిగి రాలేదు. బావ బూట్లొచ్చాయి. అక్క వాటిని ఒళ్ళో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇవి మీ బావవి కావురా తమ్ముడూ, ఒక సైజు పెద్దవి" అంది. వెనక్కిచ్చేద్దామంటే ఎవరికివ్వాలో చెప్పేవాడు దొరకలేదు. ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉంటాయి. వారానికోసారి తుడుస్తుంది. "ఎవరివో పాపం, ఎవరో ఒకావిడ వెతుక్కుంటూనే ఉంటుంది" అంటుంది.

అక్కకి ఒక్కడే కొడుకు. నాకు ఒక్కడే మేనల్లుడు. పాతికేళ్ళొచ్చాయి, గోడలకి రంగులేస్తాడు. ఊళ్ళో వాణ్ణి నత్త అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒక గోడకి ఈ చివర రంగు మొదలెడితే ఆ చివరికి చేరేసరికి ఈ చివర పెచ్చులూడుతుంది, మళ్ళీ ఇక్కణ్ణుంచి మొదలెడతాడు. ఒకే ఇంట్లో నాలుగేళ్ళు పనిచేశాడు, ఆ ఇంటివాళ్ళ పిల్ల వాణ్ణి చుట్టం అనుకుంది. వాడికి చక్కిలిగింత పెడితే రేపు నవ్వుతాడు. కానీ మంచివాడు. తొందరలో తప్పు చెయ్యడు, తొందరే లేదుగా.

సరే, ఇక గొడవ. ఏటి మధ్యలో ఒక ఇసక దిబ్బ ఉంది. ఎండాకాలం తేలుతుంది, వానొస్తే మునుగుతుంది. అవతలి ఒడ్డువాళ్ళ గాడిద ఒకటి దాని మీదికెక్కి మనవైపు తోక పెట్టి నిలబడింది. అంతే! సభ అట్టుడికిపోయింది. మీసాలాయన లేచాడు. ఈయన మా సభకి పెద్ద, మీసాల మీద కాకులు వాలేంత మీసాలు. "ఆ తోక మన మొహాన ఊపినట్టే!" అన్నాడు. కిటికీ వైపు బెంచీలవాళ్ళంతా యుద్ధం అన్నారు. గోడ వైపు బెంచీలవాళ్ళు, మేమూ యుద్ధమే అంటున్నాం కానీ మీ తోక మాట బాలేదు, మా తోక మాట రాయండి అన్నారు. వద్దన్నవాడు ఒక్కడూ లేడా అంటే ఉన్నాడు, మూలన ఒకాయన. ఆయన టీ ఇచ్చినా వద్దనే అంటాడు, అందుకని లెక్కలోకి తీసుకోలేదు.

అక్కకి గుడ్డ అల్లమని ఆర్డరూ, నత్తకి సిపాయిగా రమ్మని పిలుపూ ఒకే రోజు, ఒకే పోస్టులో వచ్చాయి. సంతకం పడిన మర్నాడు పొద్దున్నే నత్త బయల్దేరాలి. పేరు మొదటి వరసలో ఉంది.

"ఒకే కవర్లో పెడితే ఒక స్టాంపైనా మిగిలేది" అంది అక్క. నవ్వుతూ అన్లేదు.

"చెయ్యనని చెప్పేయక్కా" అన్నాను.

"నేను కాకపోతే ఇంకొకామె చేస్తుంది. అప్పుడూ నా కొడుకే వెళ్తాడు, పైగా గుడ్డ వంకరగా ఉంటుంది" అంది.

నత్త అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆలోచించి ఆలోచించి, "అమ్మా, నేను వెళ్ళేసరికి యుద్ధం అయిపోతుందిలే" అన్నాడు.

"మీ నాన్న కూడా అదే అన్నాడ్రా" అంది అక్క.

గుడ్డ ఎలా అల్లాలో రాసిన పుస్తకం సభ బీరువాలో ఉంటుంది. పుస్తకంలో ఉన్నట్టే అల్లాలి, సొంత తెలివి పనికిరాదు, అదీ రూలే. ఆ బీరువాలో అలాంటి పాత అల్లిక పుస్తకాలు ఆరున్నాయి. బల్లగుడ్డల పుస్తకం, కిటికీ తెరల పుస్తకం, చంటిపిల్లల టోపీల పుస్తకం, అలా. మన తాతమ్మల నాటివి, ముట్టుకుంటే పేజీ పొడైపోతుంది. పని మొదలయ్యే ముందు బాగు చేయించాలని ఆరింటినీ నా కొట్టుకి పంపారు. ఆరూ విప్పి, పేజీలన్నీ నేల మీద పరిచి, జిగురు కాస్తూ కూర్చున్నాను. ఆ పాత దుమ్ము ముక్కులోకి పోయింది. తుమ్మాను. మామూలు తుమ్ము కాదండీ. వీధి చివర మంగలికొట్లో గడ్డం చేయించుకునే ఆయనకి సగం మీసం పోయింది ఆ అదురుకి. పేజీలన్నీ గాల్లో లేచి, కాసేపు పావురాల్లా తిరిగి, కలగాపులగంగా కింద పడ్డాయి.

సరే, పురుగుంది కదా నాకు. కన్నాలు చూసుకుంటూ సర్దాను, కుట్టాను, అట్టలేశాను. నాకేం తెలుసు, పక్కపక్కన ఏళ్ళ తరబడి ఉన్న రెండు పుస్తకాల్ని ఒకే పురుగు ఇందులోంచి అందులోకి తిన్నగా తినుకుంటూ పోయిందని!

అక్క పని మొదలెట్టింది. సభ మధ్యలో పెద్ద బల్ల, దాని పక్కన అక్క కుర్చీ, ఎదురుగా స్టాండు మీద పుస్తకం. తలుపు దగ్గర గంటాయన. పొద్దున సభ తెరిచేటప్పుడు ఒక గంట, సాయంత్రం మూసేటప్పుడు ఒక గంట కొట్టడం, రూలు పుస్తకం చదివి వినిపించడం ఆయన పని. తలుపు బయట బెంచీ మీద ఒక గొడుగాయన. వాళ్ళ వీధి కుళాయి చెడిపోయిందని చెప్పుకోడానికొచ్చాడు. యుద్ధం తేలాక మీ కుళాయి సంగతి చూస్తాం, కూర్చోమన్నారు. కూర్చున్నాడు.

అక్క చెయ్యి చూడాలి మీరు. సూది కొస కనపడదు. గొలుసు, పువ్వు, గొలుసు, పువ్వు, వానచినుకులు పడ్డట్టు పడుతుంటాయి. ఆవిడకి నెమ్మది రాదు. అమ్మ అలా నేర్పింది. పన్నెండో రోజు మధ్యాహ్నానికి గుడ్డ బల్లంతా నిండింది. మీసాలాయన కలం సిరాలో ముంచాడు. అక్క పేజీ తిప్పింది. తిప్పి, చూసి, ఆగింది.

"ఏమ్మా, ఆగారేం?" అన్నాడు మీసాలాయన.

"ఏం లేదండి. పుస్తకంలో ఇంకా ఉంది" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. మెడ మీద మాత్రం నరం కొట్టుకుంది, నేను చూశాను.

గంటాయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ పైకి చదివాడు. "ఇంటివారు ఇక చాలు అనేదాకా ఇదే వరుస మళ్ళీ మళ్ళీ అల్లుతూ పోవాలి." అది కిటికీ తెరల పుస్తకంలో పేజీ! ఒకరి కిటికీ చిన్నది, ఒకరిది పెద్దది, అందుకని ఇంటామె చాలు అనేదాకా అల్లమని రాశారు. నా పురుగు, నా తుమ్ము, నా చదువు, ముగ్గురం కలిసి దాన్ని యుద్ధం గుడ్డలో కుట్టేశాం.

"ఇంటివారంటే ఎవరు?" అన్నాడు మీసాలాయన.

గంటాయన రూలు పుస్తకం తిరగేసి, "సభలో జరిగే పనికి సభవారే ఇంటివారు. ఎవరో ఒక సభ్యుడు లేచి నిలబడి చాలు అంటే సరిపోతుంది. పేరు రాసుకుంటాను" అన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. రెండొందల మంది ఉన్నారు సభలో. అందరికీ యుద్ధం కావాలి. పన్నెండు రోజులుగా గొంతులు బొంగురుపోయేలా అరిచారు. ఒక్కడు లేచి 'చాలు' అంటే ఆ క్షణమే సంతకం. ఒక్కడూ లేవలేదు. ఎందుకంటే పేరు రాసుకుంటారు. రేపు గెలిస్తే మీసాలాయన గెలిచాడంటారు. ఓడితే, అదుగో, ఆ రోజు చాలు అన్నది ఫలానావాడంటారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు వాడి ఇంటిముందుకొచ్చి నిలబడతారు. మీసాలాయన కిటికీ వైపు చూశాడు, వాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు. గోడ వైపు చూశాడు, వాళ్ళు గోడని చూశారు. మీరే అనొచ్చు కదండీ అన్నారెవరో. "నేను సంతకం పెట్టేవాణ్ణి, అన్నీ నేనే చేస్తే మీరెందుకు?" అన్నాడాయన.

సాయంత్రం గంటయ్యేముందు అక్క తలెత్తి అడిగింది. "చాలాండీ?"

ఎవరూ మాట్లాడలేదు. టీ వద్దనే ఆయన కూడా మాట్లాడలేదు. గంట కొట్టారు. మర్నాడు అక్క మళ్ళీ అల్లింది.

అలా మొదలైందండీ. గుడ్డ బల్ల దిగింది. గుమ్మం దాటింది. మెట్లు దిగి వీధిలో పడింది. నెల తిరిగేసరికి చెప్పులకొట్టు కప్పేసి, దవాఖానా మీదుగా పోయి మార్కెట్లో తేలింది. పోస్టుమాన్ ఒకడు దాని మడతల్లో దారి తప్పి మూడు వారాల తర్వాత గెడ్డంతో బయటికొచ్చాడు, ఉత్తరాలన్నీ ఇచ్చేసే వచ్చాడు పాపం, ఎవరికిచ్చాడో తెలీదు. ఒక పిల్లి దాన్లో రెండు ఈతలు ఈనింది. ఎండలో దాని కింద నడిస్తే నేలంతా పువ్వుల నీడలు. జనం అలవాటు పడిపోయారు.

ఊళ్ళో దారం అయిపోయింది. సభలో దాని మీద ఆరు రోజులు వాదించుకున్నారు. మధ్యలో ఆపితే చాలు అన్నట్టే కదా, అప్పుడు ఎవరి పేరు రాయాలి? అందుకని ఆపకూడదన్నారు. కిటికీ వైపువాళ్ళు లేచి, చిన్న గుడ్డ మీద సంతకం పెడితే శత్రువు నవ్వుతాడు, పెద్దదే ఉండాలి అన్నారు. మా దేశభక్తి మీకంటే పెద్దది, ఇంకా పొడుగుండాలని గోడ వైపువాళ్ళు. దారం ఎక్కణ్ణుంచి తేవాలి? సిపాయిల కోసం కొత్తగా అల్లించిన మేజోళ్ళున్నాయి కదా, విప్పండి అన్నారు. చేతులెత్తి ఒప్పుకున్నారు. మేజోళ్ళు నా కొట్టుకొచ్చాయి, బండ్ల మీద. విప్పి ఉండలు చుట్టడం నా పని. తర్వాత చేతి తొడుగులు. తర్వాత బూట్ల లేసులు. యుద్ధానికి వెళ్ళాల్సిన సరంజామా అంతా నా చేతుల మీదుగా అక్క ఒళ్ళోకి వెళ్ళిపోయింది. నేను పుస్తకం కుట్టి మూడు నెలలైంది.

ఒకరోజు అవతలి ఒడ్డు నుంచి మనిషొచ్చాడు, తెల్ల జెండా పట్టుకుని. "అయ్యా, మీరెప్పుడు మొదలెడతారు? మావాళ్ళు రెండు నెలలుగా బూట్లు వేసుకునే కూర్చున్నారు, కాళ్ళు పాచిపోతున్నాయి" అన్నాడు. గుడ్డ అవలేదన్నారు. ఆయన చూసి, అంచు పట్టుకుని, "మా ఆవిడ కూడా అల్లుతుంది" అన్నాడు. నిలబడే ఓపిక లేక అక్క పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు కాసేపు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఇదంతా నవ్వులాటగా చెప్తున్నాను కానీ, అక్క అయిపోతోందండీ. వేళ్ళు కొంకర్లు పోయాయి. సూది పట్టే వేలు గుంట పడింది, ఆ గుంటలో సూది తనంతట తనే కూర్చునేది. అన్నం నత్త కలిపి పెట్టేవాడు. వాడు కలిపేసరికి ఎలాగూ చల్లారిపోయేది. ఇంటికొచ్చాక కూడా చేతులు ఒళ్ళో అల్లుతూనే ఉండేవి, ఉత్త గాలిని.

ఒకరోజు నా కొట్లోనే ఉండిపోయిన మిగతా ఐదు పుస్తకాల అట్టలు సరిచూస్తుంటే, కిటికీ తెరల పుస్తకంలో ఒక పేజీ కన్నం తేడాగా కనపడింది. వెలుతురుకి పట్టి చూశాను. పురుగు అక్కడ చిన్న మలుపు తిరిగింది. యుద్ధం గుడ్డ చివరి పేజీ ఇందులోకొచ్చి, ఇందులోది అందులోకి పోయిందని అప్పుడర్థమైంది. ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ అప్పుడే ఇంటికొచ్చి, గుమ్మంలో ఆ బూట్ల పక్కన కూర్చుని ఉంది, లోపలికి నడిచే ఓపిక లేక.

"అక్కా, నా వల్లే తప్పు జరిగింది. గుడ్డ ముగించే పేజీ ఇదీ" అని చేతిలో పెట్టాను.

చూసింది. "ఊఁ. ఇంకొక్క వరస, చుట్టూ. దారం తెంపెయ్యాలి" అంది. చదవకుండానే. పేజీ తలకిందులుగా పట్టుకుని ఉంది. చదువు రాని నాక్కూడా తెలిసింది, అందులో అల్లిక బొమ్మ తలకిందులుగా ఉంటే.

"నీకు ముందే తెలుసా?"

"అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న గుడ్డరా అది. పన్నెండో రోజే తెలుసు, పేజీ మారిందని. పుస్తకం ప్రకారం చెయ్యమన్నారు, చేస్తున్నాను."

"అయితే రోజుకి కాస్తే అల్లొచ్చు కదక్కా! పొద్దున గంటకీ సాయంత్రం గంటకీ మధ్య ఒక్క కుట్టు పడితే చాలని గంటాయన చెప్పాడుగా. ఒక్క కుట్టూ పడని రోజునే గుడ్డ అయిపోయినట్టు. ఎందుకిలా చస్తావు?"

"నేను నెమ్మదిగా చేస్తే ఊరుకుంటారా? ఈవిడ చెయ్యి ఎలాంటిదో మాకు తెలుసు, కొడుకు కోసం కావాలని లాగుతోందంటారు. సూది లాక్కుని ఇంకొకామెకిస్తారు. ఆమెకి అమ్మ నేర్పిన ఈ చివరి వరస తెలిసుంటే?" అని గోడకి తలానించింది. "అలిసిపోయానురా తమ్ముడూ. ఎవడైనా చాలు అంటే బాగుండని ఉంటుంది రోజూ. అంటాడేమోనని ప్రాణం పోతుంది రోజూ. ఆ రెండూ మోయలేకపోతున్నాను. ఈ పేజీ నీ జేబులోనే పెట్టుకో. నేను చూళ్ళేదు."

పెట్టుకున్నాను. ఇదిగో, ఇప్పటికీ ఇక్కడే ఉంది. చెమటకి మెత్తబడిపోయింది.

నూట రెండో రోజో, మూడో రోజో. పొద్దున గంట కొట్టారు. అక్క కుర్చీలో కూర్చుంది, సూది పట్టుకుంది, చెయ్యి కదల్లేదు. వేళ్ళు సూది చుట్టూ బిగుసుకుపోయాయి, అంతే. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి నిద్రపోయింది. సభంతా చూస్తోంది. మధ్యాహ్నమైంది. ఒక్క కుట్టు పడలేదు. ఎవరూ చాలు అనక్కర్లేకుండానే, ఎవరి పేరూ రాయక్కర్లేకుండానే గుడ్డ అయిపోబోతోంది! రెండొందల మంది మొహాలూ వెలిగాయి. మీసాలాయన కలం తీశాడు, సిరా ఎండిపోయుంటే నీళ్ళు కలిపించాడు.

నత్త గుమ్మం దగ్గరున్నాడు, చేతిలో అన్నం గిన్నె. సంగతి వాడికి అర్థమయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బల్ల దాకా నడిచొచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. నేను అరుస్తున్నాను, "ఒరేయ్ అల్లుడూ, కాస్త కాళ్ళు కదుపరా నాయనా, ఇవాళొక్కరోజు!"

"వస్తున్నా కదా మామయ్యా" అన్నాడు. గిన్నె జాగ్రత్తగా కింద పెట్టాడు, మూత పెట్టాడు, మూత సరిగ్గా పడిందో లేదో చూశాడు. తల్లి వేళ్ళలోంచి సూది ఒక్కో వేలే విడదీసి తీసుకున్నాడు. తీసుకుని, "అమ్మా, నువ్వు పడుకో" అన్నాడు.

"ఇది చెల్లదు!" అన్నాడు మీసాలాయన. "ఒక్క మనిషే అల్లాలి!"

గంటాయన రూలు పుస్తకం తీశాడు. "ఒక్క మనిషి అనే ఉందండీ. వాడూ ఒక్కడే కదా. ఇద్దరు కలిసి పట్టుకుంటే తప్పు" అన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆయన పెదవి కొంచెం కదిలింది.

"వీడికి పిలుపొచ్చింది, సిపాయి!"

"పిలుపు సంతకం పడిన మర్నాటి నుంచండీ. ఇవాళ వీడు రంగులేసేవాడే."

"కావాలని లాగుతాడు!"

ఈ మాటకి మాత్రం బయట జనం ఊరుకోలేదు. మంగలి ముందుకొచ్చాడు. "అయ్యా, వీడు నా కొట్లో కుర్చీ ఎక్కి దిగేసరికి ఈ పక్క కత్తిరించిన జుట్టు మళ్ళీ పెరుగుతుంది. ఇది నాటకం కాదు, పుట్టుక" అన్నాడు. నాలుగేళ్ళు రంగు వేయించుకున్న ఇంటావిడ వచ్చి, "నా గోడ ఒకటి ఇంకా బాకీ ఉన్నాడండీ. కావాలని చేసేవాడైతే ఎప్పుడో కొట్టుండేదాన్ని" అంది. మీసాలాయన వాళ్ళ అమ్మగారే వెనక నుంచి, "మన పెరటి తలుపుకి రంగు వేసింది వాడే కదురా, నీ పెద్దకూతురి పెళ్ళికని పిలిస్తే చిన్నకూతురి పెళ్ళికి అయింది" అంది. ఆయన కూర్చున్నాడు.

నత్త సూదికి దారం తగిలించాడు. నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, మొదటి కుట్టు వేయడం మొదలెట్టాడు. వాడు సూది తిప్పాడు. దారం లాగాడు. వదులైందనుకున్నాడు, విప్పాడు. మళ్ళీ తిప్పాడు. సాయంత్రం గంటాయన గంట తాడు పట్టుకునే సమయానికి ఒక్క కుట్టు పడింది. సరిగ్గా ఒక్కటి. తలెత్తి, అమ్మ అడిగినట్టే అడిగాడు.

"చాలాండీ?"

రెండొందల మంది కిటికీలూ గోడలూ చూశారు. మూలనున్న ఆయన "వద్దు" అన్నాడు. ఎవరో టీ అందించారు మరి.

అక్క అదే బల్ల మీద, గుడ్డ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ బుగ్గ మీద పువ్వుల ముద్రలు పడ్డాయి. మేం లేపలేదు. రెండ్రోజులు పడుకుంది. లేచాక వాడి కుట్టు చూసి, "బిగుతైంది, కానీ పర్లేదు" అంది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది. చేతులు ఒళ్ళో ఊరికే పడుంటాయి. అలా ఊరికే పడుండటం అలవాటు కావడం లేదంటుంది. బూట్లు మాత్రం తుడుస్తోంది.

నత్త అల్లుతూనే ఉన్నాడు. రోజుకొక్కటి. నెల రోజులకి నా గోరంత పెరిగింది. అంత చిన్న పనికి నాలుగు ఉండలెందుకు అంటారా? వాడు ఒక్కో కుట్టుకి నాలుగు రకాల దారం వేసి చూసుకుని, ఒకటి ఎంచుకుంటాడు. సభ్యులు రావడం తగ్గించేశారు, వచ్చినవాళ్ళు కునుకు తీస్తారు. మీసాలాయన మీసం తెల్లబడింది, కలం మాత్రం వదల్లేదు. యుద్ధం కాగితం పచ్చబడి అంచుల్లో పురుగు పట్టింది. నేను చూశాను, కన్నం తిన్నగా పోతోంది. అవతలివాళ్ళు బూట్లు విప్పేశారట. గాడిద ఇంకా దిబ్బ మీదే ఉంది, ఈమధ్య అటు తిరిగింది. ఆగిందంటారో, ఆలస్యమైందంటారో మీ ఇష్టం. నా మేనల్లుడు రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటున్నాడు. నాకదే లెక్క.

నేనింక లేవాలి, గంట టైమైంది. నిన్న అలాగే ఉండలిచ్చి వస్తుంటే తలుపు బయట గొడుగాయన నన్నాపాడు. కుళాయి సంగతి చెప్పుకోడానికి మొదటి రోజు నుంచీ ఆ బెంచీ మీదే ఉన్నాడు కదా, పాపం, ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నా మోచెయ్యి పట్టుకుని, లోపలి బల్ల నుంచి మార్కెట్ దాకా పరుచుకున్న ఆ లేసంతా గొడుగు కొసతో చూపించి, జాలిగా గొంతు తగ్గించి అన్నాడు:

"ఏమయ్యా, ఇంత పెద్ద ప్రభుత్వం కదా, ఒక్క కన్నం లేని మంచి గుడ్డ కొనుక్కోలేకపోయిందా?"